విసనకర్రలు – వీరరసము

మా బెజవాడలో రోహిణికార్తె ప్రవేశించిన పిమ్మట మానవమాత్రుడు చేయదగిన పనులు రెండే మిగులును. ఒకటి, కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టించి, దానిపై గంటకొకమారు నీళ్ళు చల్లించుకొనుచు, దాని వెనుక నిశ్చేష్టుడై పడియుండుట. రెండవది, ఊరిలో శీతలయంత్రము గల చోటెక్కడనున్నదో విచారించి, అచ్చటికి పోవుటకు మర్యాదైన కారణమొకటి కల్పించుకొనుట. ఈ కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు చెప్పిరి. మా యింట రోలు లేదు గనుక అది పగులు భాగ్యము మాకు లేకపోయినది గాని, దాని స్థానమునకు వచ్చిన మిక్సీ మాత్రము కార్తె ప్రవేశించిన నాలుగవనాడు దోసకాయపచ్చడి నడుమ పొగలు గ్రక్కి ప్రాణములు విడిచినది. నేను పింఛనుదారుడను గనుక నాకు దొరికిన శీతలక్షేత్రము బ్యాంకు. పాసుపుస్తకములో పద్దులు వేయించుకొను నెపమున ఒక్క వారములో నాలుగు పర్యాయములు పోయి, చల్లగాలి నేరుగా తగులు బల్లపై కూర్చుండి, నా వంతు వచ్చినప్పుడెల్ల వెనుకవారికి మిక్కిలి ఔదార్యముతో దారి యిచ్చి, సుఖముగా కాలక్షేపము చేసితిని. ఐదవమారు గుమస్తా పుస్తకము తెరచి చూచి, "మాస్టారూ, పోయినసారి వేసిన తర్వాత మీరు ఒక్క రూపాయి తియ్యలేదు, వెయ్యలేదండీ" అని వినయముగానే యనెను. కోపముతో అనిన మాటకు బదులు చెప్పవచ్చును. వినయముతో అనిన మాటకు బదులు లేదు. ఆ క్షేత్రము నాకట్లు మూతపడినది.

ఇట్టి సంకటస్థితిలో, హైదరాబాదున ఇంజనీరింగు చదువుచు సెలవులకు వచ్చిన మా మనుమడు నా మంచము దగ్గరకు వచ్చి, "తాతయ్యా, మ్యాట్నీకి వస్తావా? నాన్న రానన్నాడు, ఒక టిక్కెట్టు వేస్టయిపోతుంది" అని అడిగెను.

"కథ బాగుందిట్రా?" అంటిని.

ముప్పది నాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి, ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను పంచావస్థలను తరతరముల పిల్లలచేత వల్లె వేయించినవాడు సినిమా యనగానే మరియేమి అడుగగలడు? మావాడు నన్ను చూచిన చూపు, పుచ్చకాయ కొనవచ్చి దీని గింజలు నాటినచో మొలచునా యని విచారించు గిరాకీని దుకాణదారుడు చూచు చూపు వంటిది.

"కథా? సమ్మర్ సినిమాకి కథేంటి తాతయ్యా! ఫైట్లు అదిరిపోయాయంట. ఎలివేషన్లు మామూలుగా లేవంట. ఏసీ కూడా ఫుల్లుగా ఉంటుంది."

ఇందులో మొదటి రెండు హేతువులను ఖండించుటకు నా శాస్త్రపాండిత్యము చాలును గాని, మూడవది నిరుత్తరము. లోపలినుండి మా యిల్లాలు, "వెళ్ళిరండి, బ్యాంకువాళ్ళు ఇవాళన్నా కాస్త ఊపిరి పీల్చుకుంటారు" అని ఆశీర్వదించినది.

చిత్రము పేరు చెప్పను. చెప్పినచో దాని కథానాయకుని అభిమానులు మా యింటి చిరునామా కనుగొందురు. శాల పేరు కూడ చెప్పను. దానికి కారణము ముందు తెలియును. తలుపు తెరచినంతనే ముఖమునకు తగిలిన ఆ చల్లగాలి సామాన్యమైనది కాదు. కరగిన తారులో చెప్పులు అంటుకొనుచుండగా, చెమట కంటిలో దిగి మండుచుండగా మెట్లెక్కినవాడు, ఒక్క అడుగులో కృష్ణ యిసుకతిన్నె విడిచి కైలాసశిఖరము చేరినట్లుండెను. కండువా కప్పుకొని కూర్చుంటిని. జీవితముపై నాకు గల ఫిర్యాదులన్నియు ఆ క్షణమున ఉపసంహరించుకొంటిని.

తెరపై మొదట మేళము వినబడెను. మేళము వెనుక ధూళి లేచెను. ధూళి వెనుక ఒక పాదరక్ష ప్రత్యక్షమయ్యెను. పాదరక్ష వచ్చిన పిమ్మట ముఖము వచ్చుటకు పట్టిన కాలములో మా యింట కాఫీ కలిపి, చల్లార్చి, త్రాగవచ్చును. ముఖము వచ్చెను. ముందు వరుసలవారు చించిన కాగితములు ఆకాశమునకు ఎగురవేసిరి. ఆ కాగితములలో ఒకటి నా ఒడిలో పడగా చూచితిని గదా, అది ఎవరిదో ఆరవ తరగతి లెక్కల పుస్తకములోని పుట. ఇంతలో ముప్పదిమంది దుండగులు కథానాయకుని చుట్టుముట్టి, ఒకరి తరువాత నొకరుగా, రేషను దుకాణము ముందు సైతము కానరాని క్రమశిక్షణతో, తమ వంతునకై వేచియుండి దెబ్బలు తినిరి. అందొకడు గ్రుద్దు తగిలినంతనే గాలిలోనికి లేచి, అచ్చట కొంతసేపు ఏదో ఆలోచించి, తీరికగా దిగెను. ఒక సుమో వాహనము కూడ వానికి తోడుగా లేచినది.

"వీళ్ళనెందుకు కొడుతున్నాడురా?" అని మావానిని మెల్లగా అడిగితిని.

"తర్వాత చెప్తారు తాతయ్యా."

ముందు వరుసలోని యువకుడొకడు వెనుకకు తిరిగి, "పెద్దాయనా, ఇలాంటి సినిమాకి లాజిక్కులు అడక్కూడదండీ" అని ఉపదేశించెను. సరే యనుకొంటిని. రెండవ పోరాటము జరుగుచుండగా నాకు ఆలోచించుటకు మంచి తీరిక దొరికినది.

భరతముని ఇతివృత్తమును నాట్యమునకు శరీరమని చెప్పెను. యవనదేశమున అరిస్టాటిలు అంతకంటె ఒక మెట్టెక్కి కథాసంవిధానమే విషాదరూపకమునకు ఆత్మయని నిర్ణయించి, కంటికింపైన దృశ్యవైభవమును ఆరు అంగములలో కట్టకడపట కూర్చుండబెట్టి, అది కవి పని కాదు, వేషసామగ్రి సమకూర్చువాని పని యని ఈసడించెను. ఇద్దరును కథకే పట్టము గట్టిరని తరగతిలో చెప్పుచు నా ఉద్యోగము వెళ్ళబుచ్చితిని. కాని ఆ చల్లని చీకటిలో తోచినదేమనగా, శరీరమునకును ఆత్మకును భేదము కలదు గదా! ఆత్మ పోయినచో మిగులునది శవము. శరీరము కొంచెము బక్కచిక్కినచో శవము కాదు, పింఛనుదారుడు. అతడును బ్రతుకుచునే యున్నాడు, అప్పుడప్పుడు సినిమాకు కూడ పోవుచున్నాడు.

అంతమాత్రమే కాదు. దశరూపకములలో నాటకమును, ప్రకరణమును మాత్రము పాఠముగా చెప్పి, సమవకారమును, డిమమును రెండు మార్కుల ప్రశ్నకు విడిచివేయుట మావంటి పండితులు చేసిన మహాపరాధము. సమవకారమున నాయకులు పండ్రెండుగురు, అంకములు మూడు. ప్రత్యంకమునను ఒక కపటము, ఒక విద్రవము, ఒక శృంగారము ఉండవలెను. విద్రవమనగా జనులు గగ్గోలుపడి పరుగులిడుట. అది యుద్ధమువలననో, నీటివలననో, గాలివలననో, అగ్నివలననో, మదపుటేనుగువలననో, పురము ముట్టడివలననో కలుగవలెనని ముని యెంతో శ్రద్ధతో పట్టిక వ్రాసియిచ్చెను. ఇక డిమమున నాయకులు పదునార్గురు, అంకములు నాలుగు. అందు పిడుగులు పడును, ఉల్కలు రాలును, గ్రహణములు పట్టును, మాయ, ఇంద్రజాలము, ద్వంద్వయుద్ధము సమృద్ధిగా నుండును. హాస్యశృంగారములకు ప్రవేశము లేదు. ఈ లక్షణములు చదివి, నిర్మాతయెవరని అడుగకుండుట కష్టము. బ్రహ్మ యాజ్ఞచేత భరతుడు అమృతమథనమను సమవకారమును ప్రదర్శించి, పిమ్మట త్రిపురదాహమను డిమమును శివునియెదుట ఆడించెనట; అదియు ఎక్కడ? హిమవత్పర్వతముపై! మండు వేసవిలో వీరరసమును చల్లనిచోట చూపవలెనను రహస్యము మునికి ఆనాడే తెలిసియుండెనని నాకు తోచుచున్నది.

ఈ రూపకములకు కథ ప్రఖ్యాతమై యుండవలెనని నియమము. అనగా సముద్రము చిలుకుదురని, అమృతము వచ్చునని, త్రిపురములు కాలిపోవునని ప్రేక్షకునకు ఇంటనుండి బయలుదేరునప్పుడే తెలియును. ముందే తెలిసిన కథకు బాగుండవలసిన బాధ్యత యేమున్నది? 1885లో కడపమండలమున సురభి గ్రామమునందు పుట్టి ఊరిపేరే తన పేరుగా చేసికొన్న నాటకసమాజము మొదట ఆడినది కీచకవధ. కీచకుడు చచ్చునా బ్రతుకునా యను సందేహముతో ఆ రాత్రి ఒక్కడైన మేలుకొని యుండడు. అందరును మేలుకొన్నది, ఎట్లు చచ్చునో చూచుటకు.

నా బాల్యమున మా ఊరి చెరువుగట్టున టూరింగు టాకీసు డేరా వేయుచుండిరి. ఒక వేసవిలో విఠలాచార్యగారి జానపదచిత్రమొకటి వచ్చినది. ఆయన కథలు నటుల కాల్షీట్లను బట్టి నడచెడివని, ఎవడైన రాక పేచీ పెట్టినచో ఆ పాత్రను శాపవశమున చిలుకగా మార్చి మిగిలినది పూర్తిచేసెడివారని చిత్రసీమలో ఈనాటికిని చెప్పుకొందురు. నిజమైనను కాకపోయినను, కథను ఇంత వినయముగా వంచగల నేర్పు నాకు పూజనీయము. ఆ రాత్రి ఆపరేటరు సోడా త్రాగివచ్చు తొందరలో చివరిదానికి ముందున్న రెండు రీళ్ళను తారుమారు చేసెను. మాంత్రికుడు చచ్చెను; పది నిమిషములు గడచునప్పటికి కోటబురుజుపై నిలువబడి వికటాట్టహాసము చేసెను. నేలమీద కూర్చున్న ఊరంతటిలో ఒక్కరు నోరు మెదపలేదు. "వాడి ప్రాణం వాడి దగ్గరుంటేగా, చిలకలోనో తుమ్మెదలోనో దాచుంటాడు" అని మా ప్రక్కనున్న అవ్వ వ్యాఖ్యానము చేసినది. చచ్చు రీలు ముందే అయిపోయినది గనుక మరల చచ్చుటకు వానికి అవకాశము లేక, మాంత్రికుడు సజీవుడై యుండగనే రాజకుమారికి వివాహము జరిగి శుభము పడెను. మరునాడు రెండవమారు చూచుటకు పోయినవారు, ఆ రాత్రి రీళ్ళన్నియు సక్రమముగా నడువగా, ఇంటికి వచ్చి, "నిన్నటంత బాగోలేదు" అనిరి.

ఇంతలో ఇంటర్వెల్ వచ్చినది. మావాడు రెండు పెద్ద డబ్బాల పాప్‌కార్న్ తెచ్చెను. దాని ధర విని, ఒకప్పుడు ఆ సొమ్ముతో మా నాయనగారు మొక్కజొన్న చేనే కొనియుందురని మనసులో అనుకొని, వృద్ధుల మాట యని నవ్వుదురని పైకి అనలేదు. నా పరిశోధనాఫలితములను వినిపింపగా మావాడు పొంగిపోయెను.

"నేనూ అదేగా తాతయ్యా చెప్పేది! ఆ మాడ్ మాక్స్ మనిద్దరం చూశాం కదా, గుర్తుందా? అందులో కథేముంది?"

గుర్తున్నది. జార్జి మిల్లరుగారు 2015లో విడుదల చేసిన ఆ ఫ్యూరీ రోడ్డు చిత్రమును వాని కంప్యూటరుపై ఇంటిల్లిపాదియు చూచితిమి. వ్రాతప్రతికి బదులు సుమారు 3500 బొమ్మలు గీయించుకొని పని జరిపిరట. ఒక పెద్ద లారీ ఎడారిలో పోవును. పోయి పోయి, పోవలసిన చోట ఏమియు లేదని తెలిసికొని, అదే త్రోవను వెనుకకు వచ్చును. నడుమ జరిగినదంతయు యుద్ధము. మా యిల్లాలు అంతయు సావధానముగా చూచి, "హైదరాబాదునించి సంక్రాంతికి వచ్చి వెళ్ళేవాళ్ళ కథేగా ఇది, ఆ టోల్‌గేటు దగ్గర ఇంతకంటే ఘోరంగా ఉంటుంది" అని తేల్చినది. ఆ రాకపోకలకు 6 ఆస్కారు బహుమతులు వచ్చినవి.

"మన దగ్గరా అంతే తాతయ్యా. సమ్మర్లో వచ్చిన పెద్ద హిట్లన్నీ చూడు, కథ చూసి ఎవడెళ్ళాడు?"

ఇచ్చట నాలోని పండితుడు మేల్కొనెను. ఏలయనగా వేసవి చిత్రములను గూర్చి నాకొక సొంత పరిశోధన కలదు. 1977లో అడవిరాముడు, 2006లో పోకిరి, 2017లో బాహుబలి రెండవభాగము, ఈ మూడును విడుదలైనది ఏప్రిల్ 28వ తేదీననే. తిథివారనక్షత్రములు ఏటేట మారుచుండగా ఆంగ్లతేదీకి ఇంత ముహూర్తబలము ఎట్లబ్బినదో పంచాంగకర్తలే చెప్పవలయును. ఇందు మొదటి రెంటిలోను మర్మమొక్కటే. అడవిరాముడు ఎవడో బాటసారి వలె వచ్చి, తుదకు అటవీశాఖ అధికారిగా తేలును. పోకిరి కిరాయి రౌడీ వలె తిరిగి, తుదకు పోలీసు అధికారిగా తేలును. తిక్కనగారి విరాటపర్వము తెలిసినవానికి ఇందు ఆశ్చర్యము లేదు. వంటవాడు భీముడని, పేడివాడు అర్జునుడని తేలుటకు ఏడాదిపాటు కాచుకొన్న జాతి మనది. ఉద్యోగి గుర్తింపుపత్రము చివరి రీలులో బయటపడుటకన్న మించిన ఫలాగమము మనకు లేదు. పోకిరి రహస్యము మొదటివారములోనే ఊరూర తెలిసిపోయినను జనము పోవుట మానలేదు.

"అయితే కథ అక్కర్లేదనే కదా!" అని మావాడు చప్పట్లు కొట్టబోయెను.

"ఉండరా. పదేళ్ళ వయసులో నువ్వు రెండేళ్ళపాటు నన్ను వేపుకు తిన్నావు, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. అన్నం తింటూ అడిగేవాడివి, స్నానం చేస్తూ అడిగేవాడివి. నిద్రలో కూడా అడిగావని మీ నాయనమ్మ దిష్టి తీసింది. అది ఫైటా, కథా?"

మావాని చేయి పాప్‌కార్న్ డబ్బాలోనే నిలిచిపోయినది. 2015 జూలై నుండి 2017 ఏప్రిల్ వరకు దేశమంతయు అడిగిన ఆ ప్రశ్న ఒక ఏనుగును గూర్చి కాదు, ఒక జలపాతమును గూర్చి కాదు. నమ్మినబంటు వెనుకనుండి ప్రభువును పొడుచుటకు కారణమేమని.

"అది... అది వేరు తాతయ్యా" అని మావాడు నసిగెను. వేరెట్లో చెప్పులోపల దీపములారినవి.

రెండవభాగము మొదలై పావుగంటయైనను గడువకముందే, శాల నడికప్పులో ఎక్కడనో గడగడ శబ్దమొకటి, దాని వెనుక దీర్ఘమైన నిట్టూర్పొకటి వినబడినవి, పిమ్మట నిశ్శబ్దము. తెరపై బొమ్మ ఆడుచునే యున్నది గాని శీతలయంత్రము కన్నుమూసినది. ఐదు నిమిషములు ఎవరికిని తెలియలేదు. పది నిమిషములకు నేను కండువా తీసివేసితిని. పదునైదు నిమిషములకు ఆ శాలలో ఒక అద్భుతము సంభవించినది: ఆరువందలమంది ప్రేక్షకులు ఆరువందలమంది విమర్శకులైరి!

"వాడు జైల్లో ఉన్నాడుగా, ఇక్కడికెలా వచ్చాడు?" అని ఎడమ ప్రక్కనుండి ఒక కంఠము. "తల్లి చిన్నప్పుడే చచ్చిపోయిందన్నాడు, మరి ఈవిడెవరు?" అని వెనుకనుండి ఒక ఇల్లాలు. "ఇందాక కట్టు ఎడమచేతికుంది రా!" అని ఇంకొకడు సాక్ష్యము పలికెను. మొదటి భాగమున ఎగిరిన సుమోను చూచి ఈల వేసిన నోటితోనే ఒక మహానుభావుడు, దాని బరువెంత, ఒక్క మనిషి గ్రుద్దునకు అది లేచుట సాధ్యమా యని భౌతికశాస్త్ర చర్చకు దిగెను. జనులు పాప్‌కార్న్ డబ్బాలను విప్పి, అట్టను చదునుచేసి, విసనకర్రలుగా వీచుకొనసాగిరి. తుదకు, నాకు లాజిక్కుల విషయమున ఉపదేశము చేసిన ఆ ముందు వరుస యువకుడు, చొక్కా గుండీలు విప్పుకొని, చెమటతో వెనుకకు తిరిగి నన్ను చూచి,

"పెద్దాయనా, అసలు వీడు వీళ్ళనెందుకు కొడుతున్నాడండీ?" అని అడిగెను.

"తర్వాత చెప్తారు బాబూ" అంటిని.

వేసవికిని సినిమాకును పెండ్లి చేసినది కథ కాదని నేనెరుగుదును. అమెరికాలో ఒకప్పుడు ఎండకాలము వచ్చినచో సినిమాశాలలు వెలవెలబోవుచుండెడివి, మూతపడునవియు కలవు. 1925 మే నెలాఖరున న్యూయార్కు నగరములో రివోలీ యను శాలలో విల్లిస్ క్యారియర్ అను ఇంజనీరు తన శీతలయంత్రమును నెలకొల్పెను. మొదటినాడు యంత్రము అందుకొనుటకు ఆలస్యమైనది. అలవాటు చొప్పున విసనకర్రలతో వచ్చిన ప్రేక్షకులు వీచుకొనుచుండిరి. ఇంజనీరుగారు ఒక ప్రక్కన నిలిచి, తెర వంక గాక ఆ విసనకర్రల వంకనే ప్రాణములుగ్గబట్టి చూచుచుండిరి. చల్లదనము వ్యాపించిన కొలది ఒక్కొక్క విసనకర్రయే ఒడిలోనికి దిగినది. పారమౌంటు అధిపతి యైన జూకరుగారు మేడమెట్లు దిగివచ్చి, ఇది జనులకు నచ్చునని ఒక్కమాటలో తీర్పు చెప్పిరట. ఈ వృత్తాంతము చెప్పువారందరును విసనకర్రలను గూర్చి చెప్పుదురే గాని, ఆనాడు తెరపై ఆడిన బొమ్మను గూర్చి చెప్పరు. 1925లో అట్లు దిగిన విసనకర్రలు ఇదిగో మా శాలలో మరల లేచినవి.

యంత్రము చెడినప్పుడే కథ యక్కరకు వచ్చుననుటకు వేసవి చిత్రములకు మూలపురుషుడైన చిత్రమే సాక్షి. 1975 జూన్ 20వ తేదీన విడుదలైన జాస్ అను సొరచేప చిత్రము నిమిత్తము స్పీల్‌బర్గుగారు యంత్రమత్స్యమును చేయించి, తన వకీలు పేరు బ్రూస్ కాగా దానికిని అదే పేరు పెట్టిరి. (వకీళ్ళకు ఇంతకంటె తగిన సన్మానము నేను వినలేదు.) అది కొలనులో బాగుగా ఈదినదట, సముద్రములోని ఉప్పునీరు తగిలినంతనే చెడిపోయినది. మాటిమాటికి మరమ్మతు చేయలేక, దర్శకుడు చేపను దాచి, నీటిపై తేలు పీపాలను, ఒడ్డున నిలిచిన మనుష్యుల ముఖములను చూపి, గంటకు పైగా నెట్టుకొనివచ్చెను. బ్రూసు సక్రమముగా పనిచేసియుండినచో మొదటి రీలునుండియే చేప వచ్చి అందరిని మ్రింగుచుండెడిది. మనమును పాప్‌కార్న్ మ్రింగుచు చూచి మరచియుందుము.

నేనిట్లు తలపోయుచుండగా తెరపై ఫ్లాష్‌బ్యాక్ వచ్చినది. దానిని కొంచెము వివరముగా చెప్పవలయును.

ఒక రాతిక్వారీ. నడినెత్తిన సూర్యుడు. ఒక కూలివాడు, చెప్పులు లేనివాడు, మూడువారముల బత్తెము అడుగుటకు ఏడెనిమిదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని కాంట్రాక్టరు దగ్గరకు వచ్చెను. కాంట్రాక్టరు కారులో కూర్చుండి ఫోనులో మాటలాడుచుండెను. కాళ్ళు కాలుచుండగా కూలివాడు కారు నీడ పడుచున్న జానెడు స్థలములోనికి జరిగి నిలువబడెను. కాంట్రాక్టరు ఫోను ప్రక్కకు తీసి, కసురుకొనక, చేయి చేసికొనక, ఈగను తోలినట్లు వ్రేళ్ళు ఆడించి, నీడలోనుండి అవతలకు పొమ్మని సైగ చేసెను. కూలివాడు ఎండలోనికి జరిగెను. పిల్లవాడు కాంట్రాక్టరును చూచెను, తండ్రి పాదములను చూచెను. చూచి, మెల్లగా రెండడుగులు వెనుకకు వేసి, తన నీడ తండ్రి పాదములపై పడునట్లు నిలువబడెను. నడిమధ్యాహ్నమున పిల్లవాని నీడ యెంత? ఒక పాదమును కప్పినది, రెండవ పాదము బయటనే యున్నది.

ఆ సమయమున నాకేదో లోపించినట్లు తోచి చుట్టును చూచితిని. వినవచ్చుచున్న శబ్దమొకటి వినరాకున్నది. డబ్బాల అట్టలు ఆగిపోయినవి. నా చేతిలోని కండువా కొన గూడ గాలిలోనే నిలిచియున్నది. యంత్రము పనిచేయుట లేదు. చెమట కారుచునే యున్నది. ఆరువందలమందిలో ఒక్కరును వీచుకొనుట లేదు.

పిల్లవాడు పెరిగి పెద్దవాడై, ముసలివాడైన ఆ కాంట్రాక్టరు ముంగిట నిలిచినప్పుడు కొట్టినది ఒక్క దెబ్బ. సుమోలు లేవలేదు, ఉల్కలు రాలలేదు. అయినను ఆ దెబ్బకు లేచిన కేక మొదటి భాగములోని ముప్పదిమందిని కొట్టినప్పుడు లేవలేదు. భీముడు నర్తనశాలలో కీచకుని ముద్దచేసినప్పుడు మన ఒడలు పులకరించుట భీముని కండలవలననా? అంతకుముందు నిండుకొలువులో ద్రౌపదిని తన్నినవాడు వాడేయని, ధర్మరాజు చూచుచు కూర్చుండెనని, మన పండ్లు మనము కొరికికొనియుంటిమి గనుక. ఆ ఎడారి లారీ చిత్రమున గూడ, చెరనుండి పారిపోవు స్త్రీలు లారీలో దాగియున్నారని మనకు తెలిసిన తరువాతనే దాని చక్రములు మన గుండెలపై తిరిగినవి. కథ పదునాలుగు అధ్యాయములు ఉండనక్కరలేదు, క్రొత్తది కానక్కరలేదు, తర్కమునకు నిలువనక్కరలేదు. దెబ్బకు ముందు జానెడు నీడయంత కారణముండిన చాలునని, నా పంచావస్థలను ఐదింటిని ప్రక్కనబెట్టి, ఒప్పుకొంటిని. మావానితో చెప్పుదమని తిరిగితిని గాని, వాడు కండ్లద్దములు తుడుచుకొనుచుండెను. చెమటయే యనెను. నేనును చెమటయే యని నా కండ్లు తుడుచుకొంటిని.

ఇంతటితో చిత్రము ముగిసియుండినచో బాగుండెడిది. కాని నిర్మాత ఇంకను చాల వ్యయము చేసియుండెను. ఎచ్చటనుండియో అరువదిమంది క్రొత్త దుండగులును, ఒక హెలికాప్టరును వచ్చిరి. సరిగా అప్పుడే, మెకానిక్ పుణ్యమో, భరతముని అనుగ్రహమో, నడికప్పులో గడగడమని శీతలయంత్రము మరల ప్రాణము పోసికొన్నది. చల్లగాలి మెడపై సోకినంతనే విమర్శకులందరును ప్రేక్షకులైరి. హెలికాప్టరును కథానాయకుడు ఎడమచేతితో తోకపట్టి ఆపెను. భౌతికశాస్త్రజ్ఞుడు ఈల వేసెను. జైలులో నున్నవాడు ఎట్లు వచ్చెనో మరల ఎవరును అడుగలేదు, ఇప్పటికిని ఎవరికిని తెలియదు.

ఇంటికి చేరునప్పటికి మా వీధిలో కరెంటు పోయియున్నది. మా యిల్లాలు వసారాలో తాటాకు విసనకర్రతో విసరుకొనుచు కూర్చుండి, మజ్జిగ చేతికిచ్చి, "ఎలా ఉంది? కథేమిటి?" అని అడిగినది.

రెండున్నర గంటల చిత్రము. ఎక్కడ మొదలుపెట్టవలెనో నాకు తెలియలేదు. పాదరక్ష, ధూళి, సుమో, ఇవి కథలో ఎచ్చటకు వచ్చునో ఎంత వెదకినను జ్ఞాపకము రాలేదు.

"ఒక కూలివాడు ఎండలో కాళ్ళు కాలి కారు నీడలో నుంచున్నాడు. ఆ కారుగలాయన అవతలికి పొమ్మన్నాడు. పక్కన పసివాడున్నాడు" అంటిని.

విసనకర్ర ఆగినది. "అయ్యో. ఊఁ, తర్వాత?"

"తర్వాత పెద్దాడయ్యాక అరవైమందినీ, హెలికాప్టర్నీ కొట్టాడు."

విసనకర్ర మరల ఊగసాగినది.